శస్త్రచికిత్స మిగిల్చిన గుంట మచ్చ: వైద్యం, ధర్మం

ముఖాన్ని చక్కదిద్దుకోవటానికి చేయించుకున్న శస్త్రచికిత్స ఒక్కొక్కసారి ఆ ముఖం మీదే చెరగని గుర్తును వదలిపోతుంది. చెంప మీది పుట్టుమచ్చ తీయించుకుంటే ఆ చోట గుంట పడవచ్చు. ముక్కు సరిచేయించుకుంటే దాని పక్కన పల్లం ఏర్పడవచ్చు. గడ్డం క్రింది కొవ్వు తీయించుకుంటే చర్మం లోపలికి లాగుకొని పోవచ్చు. ఇటువంటి మచ్చ ఏర్పడిన వ్యక్తి ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. దీనికి చికిత్స ఉన్నదా? ఉంటే, దానిని షరీఅత్ అనుమతిస్తుందా?

రెండవ ప్రశ్న చాలామందిని మొదటి ప్రశ్న దాకా పోనివ్వదు. "అందం కోసం పోయి తెచ్చుకున్నావు, ఇక అనుభవించు" అనే మాట బయటివారి కంటే ముందు ఇంట్లోనే వినవలసి వస్తుంది. అది ధర్మం పలికిన మాటేనా, లేక కోపం పలికిన మాటా అన్నది తెలుసుకోవటం అవసరం. అందుకు ముందుగా ఆ మచ్చ స్వభావం తెలియాలి.

గుంట ఎందుకు పడుతుంది?

చర్మానికి పైపొర, లోపొర అని రెండు పొరలుంటాయి. వాటి క్రింద కొవ్వు ఉంటుంది. పైపొర మాత్రమే గీసుకుపోతే మచ్చ మిగలకుండా మానుతుంది. లోపొర తెగినప్పుడు మాత్రం శరీరం ఆ చోటును కొలాజెన్ అనే నారలాంటి పదార్థంతో అతుకు వేసి మూస్తుంది. మామూలు చర్మంలో ఈ నారలు చాప అల్లినట్లు అన్ని దిక్కులకూ పెనవేసుకొని ఉంటాయి. మచ్చలో అవి ఎక్కువగా ఒకే దిక్కుకు పడి ఉంటాయి. అందుకే గాయం ఎంత బాగా మానినా అతుకు పడిన చర్మపు బలం మామూలు చర్మపు బలంలో సుమారు 80 శాతానికి మించదు.

నారలు అవసరానికి మించి పెరిగితే మచ్చ ఉబ్బుతుంది. చాలకపోతే గుంట పడుతుంది. క్రింది కొవ్వు కోతలో పోయినా, చీము పట్టి కరిగినా పైచర్మానికి ఆధారం లేక అది దిగబడుతుంది. కుట్టు వేసేటప్పుడు గాయపు అంచులు లోపలికి మడతపడినా అదే ఫలితం. మరికొన్ని సందర్భాలలో మచ్చ అడుగున ఉన్న కండరానికో, ఎముక మీది పొరకో అంటుకొనిపోతుంది. అటువంటి మచ్చ నవ్వినప్పుడు, మాట్లాడినప్పుడు మరింత లోతుగా కనబడుతుంది. ఉబ్బిన మచ్చను అణచటానికి ఇచ్చే స్టెరాయిడ్ సూది మందు మోతాదు మించినా చర్మం పలుచబడి గుంట పడుతుంది. ఈ చివరి రకం గుంట చాలామందిలో కొన్ని నెలలకు తనంతట తానే కొంత పూడుతుంది.

తొందరపాటు తగదు

గాయం పైకి రెండు మూడు వారాలలో మూసుకున్నట్లు కనిపించినా లోపలి నారలు సర్దుకోవటానికి సంవత్సరం, ఒక్కోసారి అంతకు మించిన కాలం పడుతుంది. మొదటి నెలలలో ఎర్రగా, గట్టిగా ఉన్న మచ్చ తర్వాత మెత్తబడి రంగు తగ్గుతుంది. అందుచేత మళ్ళీ కత్తి పట్టే ముందు ఆరు నెలల నుండి సంవత్సరం వరకు వేచి ఉండమని వైద్యులు సాధారణంగా చెబుతారు. అయితే చీము, జ్వరం, నానాటికీ పెరిగే నొప్పి, కనురెప్పను గాని పెదవిని గాని లాగివేస్తున్న మచ్చ ఉంటే ఆగరాదు. వెంటనే వైద్యునికి చూపాలి. వేచి ఉన్న కాలంలో మచ్చకు ఎండ తగలకుండా చూసుకోవటం ముఖ్యం. చామనఛాయ, నల్లని చర్మం గలవారిలో గాయపడిన చోటు ఎండకు మరింత నల్లబడి చాలాకాలం నిలిచిపోతుంది.

చికిత్సా మార్గాలు

గుంట మచ్చలన్నింటికీ ఒకే మందు లేదు. కారణాన్ని బట్టి మార్గం మారుతుంది.

మచ్చ అడుగుకు అంటుకొని ఉంటే ముందు ఆ బంధాన్ని తెంచాలి. చర్మం క్రిందికి ప్రత్యేకమైన సూదిని పంపి, మచ్చను పట్టి ఉంచిన నారలను కోస్తారు. సబ్‌సిషన్ అనే ఈ పద్ధతిని 1995లో ఓరెంట్రైక్ అనే ఇంటిపేరు గల ఇద్దరు అమెరికన్ వైద్యులు వివరించారు. తెగిన చోట క్రొత్త కొలాజెన్ ఏర్పడి చర్మం కొంత పైకి లేస్తుంది. కొన్ని రోజులు కమిలి ఉండటం సహజం. తరచుగా ఒకటికి మించిన సార్లు చేయవలసి వస్తుంది.

కొవ్వు పోయిన చోట గుంటను నింపటమే మార్గం. పొట్ట నుండి గాని తొడ నుండి గాని రోగి సొంత కొవ్వునే కొద్దిగా తీసి మచ్చ క్రింద పెడతారు. ఇది నిన్నటి ఆలోచన కాదు. 1893లోనే గుస్తావ్ నాయ్‌బర్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు చేతి నుండి తీసిన కొవ్వు ముక్కలతో ముఖం మీది గుంట మచ్చను నింపాడు. పెట్టిన కొవ్వులో కొంత భాగం శరీరంలో కరిగిపోతుంది. ఎంత కరుగుతుందో ముందుగా చెప్పలేరు. అందుచేత మరల నింపవలసి రావచ్చు.

హయలురోనిక్ ఆమ్లం వంటి పూరక పదార్థాన్ని సూదితో ఎక్కించటం మరొక పద్ధతి. ఫలితం వెంటనే కనిపిస్తుంది, కాని చాలావరకు కొన్ని నెలల నుండి సంవత్సరం, సంవత్సరంన్నర వరకే నిలుస్తుంది. దీనిలో అరుదైనా ఘోరమైన ప్రమాదమొకటి ఉన్నది. పదార్థం రక్తనాళంలోకి పోతే చర్మం కుళ్ళిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. కనుబొమల నడుమ, ముక్కు మీద ఈ ప్రమాదం ఎక్కువ. లోగడ శస్త్రచికిత్స జరిగిన ముక్కులో రక్తనాళాల తీరు మారి ఉంటుంది కనుక జాగ్రత్త రెట్టింపు కావాలి. ద్రవరూపంలోని సిలికాన్‌ను ముఖంలోకి ఎక్కించుకోవటం ఎంత చవకగా దొరికినా మానవలసిన పని. ఏండ్ల తర్వాత కూడా అది గడ్డలు కట్టగలదు, పూర్తిగా తీయటం దుర్లభం.

పై చర్మం ఎగుడుదిగుడుగా ఉంటే లేజర్ కిరణాలతో గాని, సన్నని సూదుల వరుసతో గాని సమం చేస్తారు. చామనఛాయ చర్మంలో లేజర్ తీవ్రత ఎక్కువైతే మచ్చ నల్లబడుతుంది. కుట్టే సరిగా పడనప్పుడు పాత మచ్చను కోసి తీసివేసి, అంచులను కొద్దిగా పైకి లేచేటట్లు మళ్ళీ కుట్టటం ఉత్తమం. ఏ పద్ధతిలోనైనా మచ్చ తగ్గుతుందే గాని పూర్తిగా మాయం కాదు. పూర్తిగా మాయం చేస్తామని హామీ ఇచ్చే వారికి దూరంగా ఉండటమే మంచిది.

షరీఅత్ దృష్టిలో

దైవసృష్టిని మార్చటం షైతాన్ ప్రేరేపించే పనులలో ఒకటని దివ్యఖుర్ఆన్ (4:119) హెచ్చరించింది. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీలను నిందించే హదీసును హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. అది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. చికిత్సను వ్యతిరేకించేవారు ఈ రెండు ఆధారాలనే చూపుతారు. అయితే ఆ హదీసులోనే "అందం కోసం" అనే నిబంధన ఉన్నది. దానిని ఆధారం చేసుకొని ఇమామ్ నవవీ (మరణం 1277) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఒక స్పష్టమైన విభజన చేశారు. నిషేధం అందం కోసమే చేసే పనికి వర్తిస్తుంది, చికిత్స కోసమో పంటిలోని లోపం కోసమో చేస్తే దోషం లేదు.

హజ్రత్ అర్ఫజ బిన్ అస్అద్ (రజి) వృత్తాంతం ఇక్కడ మరింత వెలుగునిస్తుంది. అజ్ఞానకాలంలో కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు చేయించుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టుకోమని ఆయనను ఆదేశించారు. అబూదావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాలలో ఇది ఉన్నది. పురుషులకు బంగారం నిషిద్ధం. అయినా ముఖంలోని లోపాన్ని కప్పుకోవటానికి అది అనుమతించబడింది. లోపాన్ని సరిచేయటం సృష్టిని మార్చటం కాదు, దానిని తన స్థితికి తిరిగి తేవటం. 2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కూడా ఈ విభజననే పాటించింది. కాలిన గాయాలు, ప్రమాదాలు, రోగాల వలన వచ్చిన లోపాలను, శారీరకంగా గాని మానసికంగా గాని బాధించే వికారాన్ని సరిచేయించుకోవచ్చునని, కేవలం కోరిక కొద్దీ సహజమైన రూపాన్ని మార్చుకోరాదని తీర్మానించింది. ఒకరి శరీరంలోని భాగాన్ని అదే శరీరంలో మరొక చోట అమర్చటాన్ని, ప్రయోజనం హానిని మించినప్పుడు, అదే అకాడమీ 1988లో జిద్దాలో అనుమతించింది. సొంత కొవ్వుతో గుంట నింపటానికి ఈ తీర్మానం వర్తిస్తుంది.

ఇక మిగిలింది అసలు చిక్కు. మొదటి శస్త్రచికిత్స కేవలం అందం కోసమే జరిగి ఉంటే? అప్పుడు ఆ పని ఒకటి, దాని వలన కలిగిన గాయం మరొకటి. మొదటి దానికి తౌబా మార్గమున్నది. రెండవ దానికి వైద్యమున్నది. చేయరాని పనికి పోయి కాలు విరగ్గొట్టుకున్నవానికి ఎముక కట్టరాదని ఏ ధర్మవేత్తా అనలేదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఇచ్చిన ఆదేశంలో గాయం ఎలా తగిలిందన్న విచారణ లేదు. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, ఎత్తిపొడవవద్దని దివ్యఖుర్ఆన్ (49:11) విశ్వాసులను ఆదేశించింది. ఆ ఆదేశం మచ్చ గలవారి ఇంటివారికి కూడా వర్తిస్తుంది. అయితే చికిత్స లక్ష్యం మచ్చను తగ్గించటం వరకే ఉండాలి. దానిని సాకుగా చేసుకొని ముఖమంతా క్రొత్తగా మలచుకోవటానికి ఈ అనుమతి వర్తించదు.

ఆచరణలో కొన్ని విషయాలు

పూరక పదార్థం దేనితో తయారైందో అడిగి తెలుసుకోవటం రోగి హక్కు. కొలాజెన్ పూరకాలు ఆవు చర్మం నుండి, కొన్ని పంది నుండి కూడా తయారైనాయి. హయలురోనిక్ ఆమ్లాన్ని ఇప్పుడు ఎక్కువగా సూక్ష్మజీవుల ద్వారా తయారు చేస్తున్నారు. ధర్మసమ్మతమైనది చేతికందుతున్నప్పుడు సందేహాస్పదమైనదానిని ఎన్నుకోవలసిన అగత్యం లేదు.

ముఖం కడగటం వుజూలో ఫర్జ్. గాయానికి నీరు హాని చేస్తుందని వైద్యుడు చెబితే, హనఫీ మస్లక్ ప్రకారం ఆ చోట తడి చేతితో మసహ్ చేయాలి, అది కూడా హాని చేస్తే కట్టు మీద మసహ్ చేయాలి. మిగిలిన ముఖాన్ని కడగాలి. షాఫిఈ మస్లక్‌లో దీనికి తోడు తయమ్ముమ్ కూడా చేయాలి. నుదురు నేలకు ఆనించలేని హనఫీ ముక్కుతో సజ్దా చేయవచ్చు, రెండూ సాధ్యం కాకపోతే సైగతో చేయవచ్చు. నమాజు మాత్రం మానరాదు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసు చెబుతున్నది. శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పడితే మనుషులను చంపుతాడని కార్డోవాకు చెందిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ వెయ్యేళ్ళ క్రితమే హెచ్చరించాడు. కనుక రెండవ చికిత్స కోసం పోయేవారు ప్లాస్టిక్ సర్జరీలో గాని చర్మవైద్యంలో గాని అర్హత గలవారినే ఎన్నుకోవాలి. మొదటి చికిత్స కాగితాలను, ఎక్కించిన పదార్థం పేరును వెంట తీసుకుపోవాలి. ఉబ్బు మచ్చలు పడే స్వభావం, మధుమేహం, వాడుతున్న మందులు దాచకుండా చెప్పాలి. ఎన్ని విడతలు, ఎంత ఖర్చు, ఎంత మేలు అన్నది ముందే అడగాలి.

ఇదంతా విన్న తర్వాత, మచ్చతోనే ఉండిపోదామని ఎవరైనా నిర్ణయించుకుంటే అదీ వారి ఇష్టమే. చికిత్స చేయించుకోవటానికి అనుమతి ఉన్నది. చేయించుకోకపోతే పాపం లేదు. ఈ రెండింటిలో దేనినైనా అవమానం వలన గాక, ఆలోచించి ఎన్నుకునే వీలు వారికి కల్పించటం కుటుంబం బాధ్యత.