రేడియోలో వినపడేది ఎవరి మాట?

రేడియోలో ఫోన్-ఇన్ కార్యక్రమం మనందరం ఎప్పుడో ఒకసారి విన్నవాళ్ళమే. "హలో, మీ పేరేంటండి? ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?" అని అడుగుతారు. సూర్యాపేట నుంచి ఒకరు, మిర్యాలగూడ నుంచి ఇంకొకరు మాట్లాడతారు. వింటుంటే జనమంతా మనసులో మాట చెప్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ మాట మన చెవిదాకా రావాలంటే నాలుగు జల్లెళ్ళు దాటాలి.

మొదటి జల్లెడ విషయం. ఏం మాట్లాడాలో స్టేషన్ వాళ్ళే ముందు నిర్ణయిస్తారు. సాగర్ ఎడమ కాలువ కింద, కోదాడ వైపు రైతు ఒకాయన ఫోన్ చేసిండనుకుందాం. పొలానికి నీళ్ళు అందలేదని ఆయన బాధ. ఆ రోజు విషయమేమో ఎరువులు. "అది ఇంకోరోజు అడగండన్నా" అంటారు. ఆయన్ని ఎవరూ కాదనలేదు, కసరలేదు. కానీ నీళ్ళ ముచ్చట మాత్రం రేడియోలో రాలేదు!

రెండవది ఫోన్ ఎత్తే మనిషి. పేరు, ఊరు, ప్రశ్న ముందే అడిగి, ఎవరిని లోపలికి పంపాలో చూస్తారు. గడగడ మాట్లాడేవాళ్ళు ముందుకు పోతారు. తండాలో మన అమ్మలు లంబాడీ మాట కలిపి తెలుగు మాట్లాడితే వెనకబడిపోవచ్చు.

మూడవది మాట్లాడించే వాళ్ళ ముందున్న మీట. దాన్ని తగ్గిస్తే మన గొంతు ఆగిపోతుంది. చివరి మాట ఎప్పుడూ వాళ్ళదే.

నాలుగవది కోత. ముందే రికార్డు చేసిన కార్యక్రమంలో వద్దనుకున్న ముక్క తీసేస్తారు. కొన్ని స్టేషన్లు ప్రత్యక్ష ప్రసారాన్ని కూడా కొన్ని సెకన్లు ఆలస్యంగా వదులుతాయి. ఆ లోపల మీట నొక్కితే ఆ మాట బయటికి రాదు.

మరి జల్లెడే వద్దా? అట్లా కూడా అనలేం. ఆఫ్రికాలోని రువాండాలో 1993లో మొదలైన ఒక రేడియో పక్కవాళ్ళ మీద పగ నూరిపోసింది. 1994లో దాదాపు నూరు రోజుల్లో లక్షలాది మందిని చంపారు. అందుకే మతాల మీద దాడి చేసే మాటలు, హింసకు రెచ్చగొట్టే మాటలు రాకూడదని ఆకాశవాణికి నియమాలున్నాయి. ఇవి మంచివే. అయితే పార్టీ పేరు పెట్టి దాడి చేయకూడదని కూడా అదే నియమావళిలో ఉంది. అంటే ఒకే జల్లెడ రాళ్ళనూ ఆపుతుంది, ఒక్కోసారి బియ్యాన్నీ ఆపుతుంది. కాబట్టి జల్లెడ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది పల్లెటూరి దళిత మహిళలు. విత్తనాలు, పంటలు, పండుగల గురించి తమ యాసలోనే మాట్లాడారు. అక్కడ జల్లెడ వాళ్ళ చేతిలోనే ఉంది.

మన గోడపత్రికకూ జల్లెడ ఉంది కదా! పది వ్యాసాలొస్తే నాలుగే అంటిస్తాం. మిగతా ఆరు ఎవరివి, ఎందుకు ఆగినయి అని మనమూ అడగాలి. ఇకనుంచి రేడియో వినేటప్పుడు ఎవరు మాట్లాడారో వినండి. ఎవరు మాట్లాడలేదో కూడా ఆలోచించండి.