ఎండకు మెయిన్ స్విచ్ లేదు

ఫ్యాను రెగ్యులేటరు మార్చాలన్నా మనవాళ్లు ముందు మెయిన్ ఆపుతారు. సోలార్ ప్యానెల్‌తో ఆ వెసులుబాటు లేదు. ఎండ తగిలినంతసేపూ అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. ఒక్కోదానిలో నలభై, యాభై వోల్టులే కదా అనిపిస్తుంది. పదింటిని వరసగా కలిపితే 400 దాటుతుంది, అదీ డీసీ. ఇంటికొచ్చే ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుతుంది కాబట్టి, స్విచ్ తీసినప్పుడు లేచిన మెరుపు వెంటనే ఆరిపోతుంది. డీసీలో ఆ విరామం ఉండదు. అందుకే వీడియోలు చూసి సొంతంగా బిగించుకునేవాళ్ల తప్పుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఇంట్లో పడి ఉన్న మామూలు ఎంసీబీని డీసీ లైన్లో పెట్టేయడం. ఒక కంపెనీ కనెక్టర్‌కు మరో కంపెనీది తగిలించడమూ అలాంటిదే. పైకి టక్కుమని కూర్చున్నా, లోపల పట్టు చాలకపోతే వేడెక్కి కరుగుతుంది.

ప్రాణం మీదికి రాని తప్పులు జేబు మీదికి వస్తాయి.

కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల చోటు కావాలి. అన్నీ కుదిరితే రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. ఆ కుదరడంలోనే చిక్కంతా. మే నెలలో డాబా ఎక్కి చూస్తే హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం నీడే కనిపించదు. డిసెంబరులో అదే సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించడు. అప్పుడు ఆరడుగుల నీళ్ల ట్యాంకు నీడ మధ్యాహ్నం కూడా ఉత్తరంగా ఐదడుగులు పరుచుకుంటుంది, ఉదయం సాయంత్రాల్లో ఇంకా పొడవు. వరసలో ఒక్క ప్యానెల్ మీద ఆ నీడ పడినా మిగతావాటి రాబడికీ గండి పడవచ్చు. ప్యానెళ్లు దక్షిణానికి చూడాలని అందరికీ తెలుసు, ట్యాంకుకు ఏ పక్కన పెట్టాలో ఆలోచించేవాళ్లే తక్కువ.

ఇక గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన వేగంతో తాకింది. అంతటి గాలి కిందినుంచి లేపితే, రెండు బోల్టులతో నిలబెట్టిన ఫ్రేమ్ ప్యానెళ్లతో సహా ఎగిరిపోతుంది. అలాగని స్లాబుకు ఎడాపెడా రంధ్రాలు చేస్తే తొలి వానకే గదిలో కారుతుంది. రంధ్రాలకు బదులు ఫ్రేమ్‌ను అదిమిపట్టే కాంక్రీటు దిమ్మెల బరువు ఎంతుండాలో లెక్కగట్టడం ఇంజినీరు పని.

చాలామందిని నిరాశపరిచేది మరొకటుంది. బ్యాటరీ లేని వ్యవస్థ, వీధిలో కరెంటు పోతే పట్టపగలే ఆగిపోతుంది. అది లోపం కాదు, స్తంభమెక్కిన లైన్‌మన్‌ను కాపాడే ఏర్పాటు. దాన్ని తప్పించే చిట్కా ఎవరైనా చెబితే వినకండి.

నీడల కొలత, రోజూ యూనిట్ల లెక్క, ఉదయం చల్లటి వేళ దుమ్ము కడగడం ఇంటివాళ్లే చేసుకోవచ్చు. వైరింగు, ఎర్తింగు మాత్రం నిపుణులకు వదలాలి. డబ్బు లెక్కలోనూ అదే మేలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నమోదైన వెండర్ బిగిస్తేనే అది చేతికొస్తుంది.