వెట్టి నుంచి మస్టరు దాకా

మందమర్రిలో పాత ఫిల్లర్లను వయసెంత అని అడిగితే సంవత్సరం చెప్పరు. "రజాకార్ల గడబిడప్పుడు పశువులు కాసే పోరగాణ్ణి" అంటారు. అలాంటి వాళ్లు ఆ తరంలో వందల మంది. వాళ్లలో ఒకరి బతుకే ఇది, పేరుతో పనిలేదు.

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది. మరుసటి ఏడు జాగీర్లు రద్దయినయి. ఊళ్లో దొర గడి మాత్రం కదల్లేదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతముండాలె. పొద్దు పొడవకముందే పేడకళ్లెత్తాలె, నాగలి కట్టాలె. కూలి అంటే ఏడాదికోసారి కొలిచే గింజలే. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం పార్లమెంటులో వచ్చింది 1976లో. అప్పటికి మనవాడు దొరకు చెప్పకుండా ఊరిడిచి పదేళ్లు దాటింది.

1960ల్లో మందమర్రిలో బొగ్గు బాయిలు లేచినయి. తట్టా చెమ్మసు పట్టి బొగ్గెత్తి టబ్బు నింపాలె. కింద ఉక్కపోత, మీద ఎప్పుడు ఊడుతుందో తెలియని కప్పు. మస్టరు పడితేనే కూలి. అయినా నెల తిరిగితే పైసలు చేతిలో పడేవి. గడి ముందు చెప్పులు విప్పి నిలబడ్డవాడికి ఇది చిన్న సంగతి కాదు. నాట్లకు, కోతలకు ఊరికి పోతే మాత్రం నాగాలే. ఒక కాలు బాయిలో, ఒక కాలు పొలంలో!

ఆ ఊళ్లు కూడా ఊరుకోలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదిలారు, జైత్రయాత్ర అన్నారు దాన్ని. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు.

అదే ఏడు బాయి మీద కొట్లాట. నోటీసు లేకుండా ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల కూలి కోస్తారట! ఏడాది పొడుగూతా గింజలకు చాకిరీ చేసినవాడికి ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సమ్మె 56 రోజులు నడిచింది. ఊళ్లో కూలి చేసే అన్నదమ్ములున్నవాడికి నాలుగు గింజల ఆసరా. ఊరు తెగినవాడికి కిరాణాకొట్టు ఖాతాయే దిక్కు. ఇంట్లో ఆడవాళ్లు పడ్డ పాట్లు ఏ మస్టరులోనూ ఎక్కలేదు.

తరువాత బొగ్గెత్తే యంత్రాలు బాయిలోకి దిగినయి. తట్టా చెమ్మసు మూల పడినయి. ఓపెన్ కాస్టులు వచ్చినచోట పొలాలకు పొలాలే పోయినయి. ఫిల్లర్ల కొడుకుల్లో చాలామంది ఇప్పుడు కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారు. నాట్లకు పోదామన్నా చాలామందికి ఊళ్లో చెలక లేదు.