సర్ఫర్ల హాస్టల్లో నాలుగు రోజులు

"తాతయ్యా, ఈ సెలవులకి మేం సర్ఫింగ్‌కి వెళ్తున్నాం" అని మీరు ఫోన్‌లో చెప్పారనుకోండి. అవతలి నుంచి రెండు ప్రశ్నలు వస్తాయి. మొదటిది, "అదేంటమ్మా?" రెండోది, "ఎక్కడ ఉంటారు?"

మొదటిదానికి జవాబు తేలికే. పొడవాటి బల్ల మీద నిలబడి, ఒడ్డుకు వచ్చే అలతో పాటు జారుకుంటూ రావడం. (బోర్డుని "పలక" అనకండి. తాతయ్యకి అక్షరాలు దిద్దే పలక గుర్తొస్తుంది.) రెండోదానికి కాస్త వివరంగా చెప్పాలి. ఈ పాఠం దాని గురించే.

సర్ఫర్ల బస అనగానే చాలామంది వేడి దేశాలనే ఊహించుకుంటారు. కొబ్బరిచెట్లు, తాటాకు కప్పు, దోమతెర, పైన తిరిగే ఫ్యాన్. మన ఊళ్ల వైపు చూస్తే విశాఖపట్నంలో రుషికొండ బీచ్ ఉంది, చెన్నై దగ్గర కోవళం ఉంది. కోవళంలో సర్ఫింగ్ నేర్పేవాళ్లలో జాలరి కుటుంబాల యువకులు ఉన్నారు. కెనడాలో కొబ్బరిచెట్టు దొరకదు గానీ అలలకు కొదవ లేదు. వాంకూవర్ దీవి పడమటి అంచున టోఫీనో అనే చిన్న ఊరు ఉంది. దేశం నలుమూలల నుంచీ సర్ఫర్లు అక్కడికి వస్తారు.

వాంకూవర్ నుంచి వెళ్లాలంటే హార్స్‌షూ బే దగ్గర ఫెర్రీ ఎక్కి నానైమోలో దిగాలి. అక్కణ్ణుంచి కారులో సుమారు మూడు గంటలు, అంతా అడవి, కొండలు, మలుపులు. 1959 దాకా ఈ ఊరికి బయటి నుంచి రోడ్డే లేదు. పేరు మాత్రం పాతది. 1792లో వచ్చిన స్పెయిన్ నావికులు తమ దేశపు సముద్ర శాస్త్రవేత్త టోఫీనో పేరును అక్కడి సముద్రపు పాయకు పెట్టారు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఆ నేల ట్లా-ఓ-క్వి-ఆత్ ప్రజలది. ఇప్పటికీ వాళ్లు అక్కడే ఉన్నారు.

ఇక హాస్టల్ సంగతి. పుస్తకాల్లో "వసతి గృహం" అంటారు, మాటల్లో హాస్టల్ అంటే చాలు. గదిలో ఒకదాని మీద ఒకటి మంచాలు ఉంటాయి. మీకు దొరికేది ఒక మంచం, ఒక అల్మారా, అంతే. స్నానాల గది అందరిదీ, వంటగది అందరిదీ. గది ఇంత సాదాగా ఎందుకుంటుంది? ఇక్కడికి వచ్చినవాళ్లు గదిలో కూర్చోరు కాబట్టి. వాళ్లకి కావలసినవి వేరే: నీళ్లు దగ్గర్లో ఉండాలి, ఇసుక కడుక్కోవడానికి బయట ఒక కుళాయి ఉండాలి, బోర్డులు పెట్టుకోవడానికి చోటుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, తడి బట్టలు ఆరేసుకునే గది ఉండాలి. నన్నడిగితే హాస్టల్ మంచిదో కాదో తేల్చేది ఆ గదే. మంచం మెత్తగా ఉందా అని తర్వాత చూడొచ్చు.

ఎందుకంటే అక్కడి సముద్రం చల్లన. వేసవిలో కూడా నీళ్లు 15 డిగ్రీలు దాటడం అరుదు. విశాఖ దగ్గర 28 డిగ్రీల దాకా ఉంటాయి, అక్కడ నిక్కరు, బనీను వేసుకుని దిగొచ్చు. టోఫీనోలో అలా దిగితే కాసేపట్లోనే వేళ్లు కొంకర్లు పోతాయి. అందుకని ఒళ్లంతా పట్టేసే నల్లటి వెట్‌సూట్ వేసుకుంటారు. దాని మందం ఒంటి దగ్గర 5 మిల్లీమీటర్లు, చేతుల దగ్గర 4 ఉంటుంది. నియోప్రీన్ అనే ఆ రబ్బరులో కంటికి కనపడనంత చిన్న బుడగలు ఉంటాయి. ఒంటి వేడిని బయటికి పోనివ్వనిది ఆ బుడగల్లోని వాయువే. లోపలికి చేరిన కొద్ది నీరు కూడా ఒంటి వేడికే గోరువెచ్చనవుతుంది. సూట్ వదులుగా ఉంటే కొత్త చల్లనీళ్లు వస్తూనే ఉంటాయి, అప్పుడు వేసుకున్నా లాభం లేదు. అద్దెకిచ్చే చోట "ఇది బిగుతుగా ఉంది" అని మొహమాటపడి పెద్దది తీసుకోకండి.

సాయంత్రం ఆ సూట్ బకెట్‌లోంచి తీసిన దుప్పటిలా నీళ్లు కారుతుంటుంది. బయట ఆరేద్దామంటే వాన. టోఫీనోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, విశాఖలో కురిసేదానికి దాదాపు మూడు రెట్లు. ఆగస్టులో పొగమంచు ఎంత పడుతుందంటే, ఊళ్లోవాళ్లు ఆ నెలను సరదాగా "ఫాగస్ట్" అంటారు. ఆరబెట్టే గది లేకపోతే రేపు పొద్దున ఆ చల్లటి, తడి సూట్‌లోకే కాళ్లు దూర్చాలి. ఒక్కసారి దూర్చినవాళ్లు మళ్లీ హాస్టల్ వెతికేటప్పుడు ముందు ఆ గది గురించే అడుగుతారు.

వంటగదిలో మీ డబ్బాల మీద పేరు, తేదీ రాయాలి. వాడిన గిన్నె అప్పుడే కడిగేయాలి. పోపు పెట్టేముందు కిటికీ తెరవండి. ఎండుమిరపకాయల ఘాటుకి పొగ అలారం మోగితే హాస్టల్ మొత్తం నిద్ర లేస్తుంది. తినేవి కారులోనూ వరండాలోనూ వదలకండి, అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఆవకాయ సీసా తీసుకెళ్లండి. పక్క మంచం వాళ్లతో స్నేహం కుదరడానికి అదొక మంచి దారి, కాకపోతే ముందు "కారం!" అని హెచ్చరించండి.

ఆ ఇంట్లో అందరూ గోడ మీద ఒక కాగితం చూస్తుంటారు. అది ఆటుపోట్ల పట్టిక. సముద్రం వెనక్కి తగ్గితే "ఆటు", ముందుకు పొంగితే "పోటు". టోఫీనోలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. నీటిమట్టం ఒక్కోసారి నాలుగు మీటర్ల దాకా మారుతుంది. విశాఖ తీరంలో ఆ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. మధ్యాహ్నం మీరు తువ్వాలు పరిచిన చోట సాయంత్రానికి చేపలు తిరగొచ్చు. భోజనం, నిద్ర, నడక అన్నీ ఆ కాగితం ప్రకారమే జరుగుతాయి.

ఇక్కడ తాతయ్య మీకు పనికొస్తారు. ఆయన దగ్గర పంచాంగం ఉంటుంది కదా. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో ఆటుకీ పోటుకీ తేడా ఎక్కువ. అష్టమి దగ్గర తక్కువ. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, పోటు కూడా అంతే ఆలస్యమవుతుంది. ఇవాళ పొద్దున 8 గంటలకు పోటు వస్తే, రేపు దాదాపు 8:50కి వస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. కొత్తవాళ్లు నీళ్లలోకి దిగేటప్పుడు అలలు విరగని చోటు వెతుక్కుంటారు. చుట్టూ తెల్లటి నురగ, మధ్యలో ఒక సందు మాత్రం నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. "ఇక్కడ బావుంది" అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే! అలలు ఒడ్డుకు తోసిన నీరంతా ఆ సందులోంచే లోపలికి పోతుంది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. అది మనిషిని కిందికి లాగదు, సముద్రంలోకి తీసుకుపోతుంది. మనుషులు మునిగేది చాలాసార్లు దానికి ఎదురీది అలిసిపోవడం వల్ల. దాంట్లో పడితే ఒడ్డు వైపు ఈదకండి. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకి ఈదండి. ప్రవాహం దాటాక ఒడ్డుకు తిరగండి. బోర్డును ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి, అది తేలుతుంది. అలిసిపోతే దాన్ని పట్టుకుని చెయ్యి ఊపండి. విశాఖ బీచ్‌లలో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు తాతయ్య చాలాసార్లు చదివుంటారు. "సముద్రంలోకి ఎందుకమ్మా?" అని ఆయన అడగడం చాదస్తం కాదు. ఏం చేయాలో మీకు తెలుసని ఆయనకు చెప్పండి, అదీ తెలుగులోనే చెప్పండి.

వెళ్లగానే మరొకటి చూసి పెట్టుకోవాలి: ఎత్తైన చోటుకి దారి. రోడ్ల పక్కన సునామీ బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. 1700 జనవరి 26న ఆ తీరంలో పెద్ద భూకంపం, సునామీ వచ్చాయి. 1964లో అలాస్కా భూకంపం తర్వాత సునామీ పోర్ట్ ఆల్బర్నీ ఊళ్లోకి వచ్చింది. మీరు టోఫీనోకి వెళ్లే దారిలోనే ఆ ఊరు తగులుతుంది. ఎక్కువసేపు, గట్టిగా భూమి కంపిస్తే సైరన్ కోసం ఆగకండి. సామాన్లు వదిలేసి పైకి నడవండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి వేసవే మంచిది. చలికాలంలో ఉత్తర పసిఫిక్ తుఫానుల నుంచి వచ్చే కెరటాలు ఇంటి ఎత్తున లేస్తాయి, అవి అనుభవం ఉన్నవాళ్లకి. వేసవిలో చెస్టర్‌మన్ బీచ్ అలలు కొంచెం దయగా ఉంటాయి. అయినా మొదటి రోజంతా పడుతూనే ఉంటారు. ముక్కులోకి ఉప్పునీళ్లు పోతాయి. మూడో రోజుకి, ఒక్క క్షణం నిలబడతారు.

ఆ సాయంత్రం ఫోన్ చేయండి. "నిలబడ్డాను తాతయ్యా!" అని చెప్పండి. అక్కడ అప్పటికి మర్నాడు పొద్దున అయివుంటుంది, ఆయన కాఫీ తాగుతుంటారు. "రేపు పోటు ఎన్నింటికి?" అని అడిగితే గోడ మీది కాగితం చూసి చెప్పండి. తిథి ఆయన చెబుతారు.