వర్క్ ఫ్రమ్ హోమ్: ఇంట్లో ఉంటే నిజంగా పని జరుగుతోందా? బాస్ డౌట్ కరెక్టా, ఉద్యోగి మాట కరెక్టా.. పరిశోధనలు తేల్చింది ఇదీ!

పొద్దున తొమ్మిదింటికి లాగిన్. పక్కన కిచెన్‌లో కుక్కర్ విజిల్. మీటింగ్‌లో మ్యూట్ తీసి రెండు మాటలు చెప్పేలోపే కాలింగ్ బెల్.. గ్యాస్ సిలిండర్ వచ్చింది. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత లక్షల ఇళ్లలో కనిపించిన సీన్ ఇదే.

"ఇంట్లోనే ఉంటున్నావు కదా, ఇంతకీ పనేమైనా చేస్తున్నావా?" అని చుట్టాలు అడుగుతారు. బాస్ అడిగేది కూడా అదే. కాకపోతే కాస్త పద్ధతిగా, 'ప్రొడక్టివిటీ' అనే మాట వాడి అడుగుతారు.

ఇది టైమ్‌పాస్ చర్చ కాదు. కాకినాడలోనో కరీంనగర్‌లోనో సొంతింట్లో ఉంటూ పని చేసుకునే ఉద్యోగి మళ్లీ మాదాపూర్ వచ్చి అద్దె కట్టాలా వద్దా అనేది ఈ ప్రశ్నకి వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంది. చంటిబిడ్డ ఉన్న తల్లి ఉద్యోగం నిలబెట్టుకుంటుందా, మానేస్తుందా అనేది కూడా అంతే. మరి అసలు లెక్కలు ఏం చెబుతున్నాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

బాస్‌ది ఒక మాట.. ఉద్యోగిది ఇంకో మాట

2022లో మైక్రోసాఫ్ట్ 11 దేశాల్లో 20 వేల మందిని సర్వే చేసింది. తాము బాగానే పని చేస్తున్నామని 87 శాతం ఉద్యోగులు చెప్పారు. మరి తమ టీమ్ సరిగ్గా పని చేస్తోందని పూర్తి నమ్మకం ఉన్న బాస్‌లు ఎంతమందో తెలుసా? కేవలం 12 శాతం. ఈ అనుమానానికి అప్పుడే 'ప్రొడక్టివిటీ పారనోయియా' అని పేరు కూడా పెట్టారు.

ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనిపిస్తుంది. కానీ విషయం అంత సింపుల్ కాదు. చైనా, చెన్నై, ఓ పెద్ద ఐటీ కంపెనీ.. ఈ మూడు చోట్ల జరిగిన పరిశోధనలు చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

చైనాలో 13 శాతం పెరిగింది

ఇంటి పని గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పేది ఈ ప్రయోగమే. షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఎకానమిస్ట్ నికోలస్ బ్లూమ్ టీమ్ 2010 చివర్లో అక్కడ 9 నెలల ప్రయోగం మొదలుపెట్టింది. ఇంటి నుంచి పని చేస్తామని ముందుకొచ్చిన వాళ్లని పుట్టినరోజు తేదీతో రెండు గ్రూపులు చేశారు. సరి సంఖ్య అయితే ఇంటికి, బేసి సంఖ్య అయితే ఆఫీస్‌కి.

రిజల్ట్ చూసి కంపెనీ కూడా ఆశ్చర్యపోయింది. ఇంటి గ్రూపు పనితీరు 13 శాతం పెరిగింది. ఇందులో ఎక్కువ భాగం, అంటే 9 శాతం, షిఫ్ట్‌లో ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల వచ్చింది. బ్రేకులు తగ్గాయి, సిక్ లీవులు తగ్గాయి. మిగతా 4 శాతం నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల వచ్చింది. ఉద్యోగం మానేసే వాళ్లు ఏకంగా సగానికి తగ్గిపోయారు.

అయితే ఇక్కడో ట్విస్ట్ ఉంది. వీళ్లంతా ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్లు. పని చేసుకోవడానికి ఇంట్లో విడిగా గది, బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లనే తీసుకున్నారు. అయినా 9 నెలలు అయ్యాక చూస్తే ఇంటి గ్రూపులో దాదాపు సగం మంది "మేం ఆఫీస్‌కే వస్తాం" అన్నారు. ఒంటరితనం పెద్ద సమస్య అయింది. పైగా పనితీరుతో పోల్చి చూస్తే ఇంటి నుంచి పని చేసిన వాళ్లకి ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి.

చెన్నైలో 18 శాతం తగ్గింది!

ఇక మన పక్క రాష్ట్రానికి వద్దాం. చెన్నైలో డేటా ఎంట్రీ ఉద్యోగుల మీద డేవిడ్ ఆట్కిన్, ఆంటొనెట్ షోర్, సుమిత్ షిండే చేసిన పరిశోధన 2023లో బయటికొచ్చింది. ఇక్కడ కూడా ఎవరు ఇంటి నుంచి, ఎవరు ఆఫీస్ నుంచి అనేది లాటరీ పద్ధతిలోనే డిసైడ్ చేశారు.

రిజల్ట్ మాత్రం రివర్స్. ఇంటి నుంచి చేసిన వాళ్ల పని 18 శాతం తక్కువ. ఈ తేడాలో మూడింట రెండు వంతులు మొదటి రోజే కనిపించింది. మిగతాది ఎక్కడి నుంచి వచ్చిందంటే.. ఆఫీస్‌లో ఉన్నవాళ్లు పనిని త్వరగా నేర్చుకున్నారు.

ఇంకో ఆసక్తికరమైన పాయింట్ ఉంది. మాకు ఇల్లే ఇష్టం అని చెప్పిన వాళ్లు మొదట్లో మిగతా వాళ్ల కంటే చురుగ్గా, తప్పులు లేకుండా పని చేసేవాళ్లే. కానీ ఇంటికి వెళ్లాక ఎక్కువగా పడిపోయింది కూడా వాళ్లే. ఆఫీస్‌తో పోలిస్తే ఇంట్లో వాళ్ల పని 27 శాతం తగ్గింది. ఆఫీసే ఇష్టం అన్నవాళ్లకి ఆ తగ్గుదల 13 శాతమే.

అంటే వాళ్లు బద్ధకస్తులనా? కానే కాదు. పిల్లలు, ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్లు, ఆదాయం తక్కువున్న కుటుంబాల వాళ్లలో ఈ ధోరణి గట్టిగా కనిపించింది. వాళ్లు ఇంటిని కోరుకోవడానికి కారణం ఇంటి బాధ్యతే. ఇంట్లో పని సాగకపోవడానికి కారణం కూడా ఆ బాధ్యతే.

ఐటీలో గంటలు పెరిగాయి.. స్పీడ్ తగ్గింది

డేటా ఎంట్రీ వేరు, కోడింగ్ వేరు అంటారా? దానికీ లెక్క ఉంది. ఆసియాలోని ఓ పెద్ద ఐటీ సేవల కంపెనీలో 10 వేల మందికి పైగా ఉద్యోగుల రికార్డులని పరిశోధకులు పరిశీలించారు. 2019 ఏప్రిల్ నుంచి 2020 ఆగస్టు వరకు ఉన్న డేటా అది. ఎవరో నోటితో చెప్పింది కాదు, కంపెనీ సిస్టమ్‌లో నమోదైనది.

ఇంటికి మారాక పని గంటలు పెరిగాయి. ఆఫీస్ టైమ్ అయిపోయాక కూడా పని చేశారు. కానీ మొత్తం అవుట్‌పుట్ పెరగలేదు, పైపెచ్చు కొద్దిగా తగ్గింది. దాంతో గంటకి జరిగే పని 8 నుంచి 19 శాతం వరకు పడిపోయింది. పిల్లలున్న వాళ్లకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది.

కారణం ఏంటంటే.. మీటింగులు. ఆఫీస్‌లో కుర్చీ తిప్పి అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయానికి ఇంట్లో అరగంట కాల్ పెట్టుకోవాలి. డిస్టర్బెన్స్ లేకుండా కూర్చుని పని చేసే టైమ్ తగ్గిపోయింది. అయితే ఒక్క విషయం మర్చిపోకూడదు. అది కరోనా టైమ్. స్కూళ్లు మూతపడి పిల్లలంతా ఇంట్లోనే ఉన్నారు. మామూలు రోజుల్లో కూడా ఇంతే ఉంటుందని దీన్ని బట్టి చెప్పలేం.

ఇద్దరూ కరెక్టే.. ఎలాగంటే?

ఇప్పుడు అసలు పాయింట్. ప్రొడక్టివిటీ అంటే ఎంత పని చేశామన్నది కాదు. గంటకి ఎంత పని జరిగిందన్నది. మరి ఆ గంటలని ఎవరు లెక్కేస్తున్నారు?

ఒక ఉదాహరణ అనుకుందాం. ఉప్పల్‌లో ఉండే ఉద్యోగి హైటెక్ సిటీకి వెళ్లి 9 గంటలు పని చేసి 45 ఫైళ్లు పూర్తి చేస్తారు. కంపెనీ లెక్కలో గంటకి 5 ఫైళ్లు. కానీ రానూపోనూ ట్రాఫిక్‌లో 3 గంటలు పోయాయనుకోండి. ఉద్యోగి లెక్కలో ఆ ఉద్యోగం కోసం పెట్టిన టైమ్ 12 గంటలు. అంటే గంటకి 3.75 ఫైళ్లే.

అదే మనిషి ఇంటి నుంచి 10 గంటలు పని చేసి 44 ఫైళ్లు చేశారనుకుందాం. కంపెనీకి గంటకి 4.4. అంటే 5 నుంచి తగ్గింది. ఉద్యోగికి కూడా 4.4 లెక్కే. అంటే 3.75 నుంచి పెరిగింది!

ఒకటే పని, ఒకటే మనిషి. ప్రొడక్టివిటీ తగ్గిందని బాస్ అంటే నిజమే. పెరిగిందని ఉద్యోగి అంటే అదీ నిజమే. ఆ 3 గంటల ప్రయాణం కంపెనీ ఖాతాలో లేదు, ఉద్యోగి ఖాతాలో ఉంది. గొడవంతా అక్కడే.

మౌస్ కదిలితే పని చేసినట్టేనా?

నమ్మకం లేని చోట నిఘా మొదలవుతుంది. చాలా కంపెనీలు లాగిన్ టైమ్, కీబోర్డ్ వాడకం, స్క్రీన్ మీద పచ్చ చుక్క చూసి పనిని కొలవడం మొదలుపెట్టాయి. దానికి విరుగుడుగా మౌస్‌ని దానంతటదే కదిపే 'మౌస్ జిగ్లర్లు' మార్కెట్‌లోకి వచ్చేశాయి. కీబోర్డ్ పని చేస్తున్నట్టు నటించారంటూ 2024లో అమెరికా బ్యాంక్ వెల్స్ ఫార్గో డజనుకు పైగా ఉద్యోగులని తీసేసింది.

మన దేశంలో ఇంకో భయం కూడా ఉంది. దాని పేరు మూన్‌లైటింగ్. అంటే ఒక కంపెనీ జీతం తీసుకుంటూ చాటుగా ఇంకో కంపెనీకి పని చేయడం. ఈ కారణంతో 300 మందిని తొలగించామని 2022 సెప్టెంబర్‌లో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ స్వయంగా చెప్పారు. కాబట్టి బాస్‌ల అనుమానానికి అసలు ఆధారమే లేదని కూడా అనలేం.

కానీ పచ్చ చుక్కని కొలిస్తే జనం పచ్చ చుక్కనే చూపిస్తారు. పని ఎంత పూర్తయిందో కొలిస్తే పని చూపిస్తారు. ఆఫీస్‌లో కూడా సీట్లో కూర్చుని టైమ్‌పాస్ చేసే వాళ్లు లేరా ఏంటి?

మరి మధ్యే మార్గం ఉందా?

ఉంది. అదే హైబ్రిడ్. ఇప్పుడు ట్రిప్ డాట్ కామ్‌గా పేరు మారిన ఆ పాత సీట్రిప్‌లోనే మళ్లీ ప్రయోగం చేశారు. ఈసారి 1,612 మంది ఉద్యోగులు. వీళ్లు కాల్ సెంటర్ వాళ్లు కాదు, ఇంజినీర్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ లాంటి విభాగాల వాళ్లు. సగం మందికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేసే వీలిచ్చారు. ఈ రిజల్ట్స్ 2024లో నేచర్ జర్నల్‌లో వచ్చాయి.

రెండేళ్ల రివ్యూలు, ప్రమోషన్లు చూస్తే రెండు గ్రూపుల మధ్య తేడా లేదు. పని పెరగలేదు, తగ్గలేదు. కానీ ఉద్యోగం మానేసే వాళ్లు 33 శాతం తగ్గారు. ముఖ్యంగా మహిళలు, దూరం నుంచి వచ్చే వాళ్లు ఉద్యోగంలో నిలబడ్డారు. ప్రయోగానికి ముందు హైబ్రిడ్‌తో పని దెబ్బతింటుందని అనుకున్న మేనేజర్లు తర్వాత అభిప్రాయం మార్చుకున్నారు.

ఒక ఉద్యోగి వెళ్లిపోతే కొత్తవాళ్లని వెతకాలి, ట్రైనింగ్ ఇవ్వాలి, వాళ్లు పని అందుకునే దాకా ఆగాలి. ఆ ఖర్చు మిగిలితే కంపెనీకి లాభమే కదా.

మన దగ్గర పరిస్థితేంటి?

కరోనా తగ్గాక కంపెనీలు ఒక్కొక్కటిగా వెనక్కి పిలిచాయి. టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారానికి ఐదు రోజులు ఆఫీస్‌కి రమ్మంది. మరోవైపు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో, ముఖ్యంగా మహిళల కోసం వర్క్ ఫ్రమ్ హోమ్‌ని పెద్ద ఎత్తున తీసుకొస్తామని ప్రకటించారు. చదువుకుని ఇంటికే పరిమితమైన వాళ్లకి ఇది మంచి అవకాశమే.

కానీ చెన్నై పాఠాన్ని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. కేంద్రం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే వాళ్లలో మహిళలు వాటికి రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. అంటే ఆమె ల్యాప్‌టాప్ తెరవడానికి ముందే దాదాపు ఐదు గంటల డ్యూటీ రాసిపెట్టి ఉంది. "ఇంట్లోనే ఉన్నావుగా" అంటూ ఆ లిస్ట్‌కి ఇంకో నాలుగు పనులు కలిపితే ఏ పాలసీ వచ్చినా ప్రొడక్టివిటీ పెరగదు. విడిగా గది ఇవ్వలేకపోయినా కనీసం తలుపు వేసుకునే టైమ్ ఇవ్వాలి. ఊళ్లోనే నాలుగు కుర్చీలు, మంచి నెట్ ఉన్న కో-వర్కింగ్ సెంటర్ ఉంటే ఇంకా మంచిది.

ఫ్రెషర్ల సంగతి వేరే. పక్కన కూర్చున్న సీనియర్‌ని చూసి నేర్చుకునేది ఏ రికార్డెడ్ వీడియోలోనూ దొరకదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది పూర్తిగా ఇంట్లోనే గడిపితే జీతం వస్తుంది కానీ పని రావడం లేటవుతుంది.

మరి ఫైనల్‌గా ఏం తేలింది?

ఇంటి నుంచి పని చేసే వాళ్లు పని చేయట్లేదనే మాట తప్పు. అందరూ ఆఫీస్ కంటే ఎక్కువ చేసేస్తున్నారనే మాట కూడా తప్పే. పని ఎలాంటిది, ఇంట్లో చోటుందా, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లైంది, కొలిచేది గంటలనా పనినా.. ఈ నాలుగింటిని బట్టే జవాబు మారిపోతుంది.

వర్క్ ఫ్రమ్ హోమ్ కావాలని అడిగే వాళ్లు ఒక చిన్న పని చేయొచ్చు. ఓ నెల రోజులు ఆఫీస్‌లో ఎంత పని పూర్తయింది, ఇంట్లో ఎంత పూర్తయింది అని తేదీల వారీగా రాసుకోవాలి. రేపు బాస్ అడిగితే "బాగానే చేస్తున్నా సార్" అనే మాట కంటే ఆ కాగితానికే విలువెక్కువ. ఒకవేళ ఆ కాగితంలో ఇంటి లెక్క తక్కువగా ఉందంటే.. బాస్ కంటే ముందు మీకే తెలిసిపోతుంది. అదీ మంచిదేగా!