యాస వేరు, తప్పు వేరు

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఇంగ్లిష్ పాఠం పైకి చదువుతూ ‘ఎగ్’ను ‘యెగ్గు’ అంది. వెనక బెంచీలు నవ్వాయి. ఆ తర్వాత రెండు వారాలు ఆమె చెయ్యెత్తలేదు. మాట మొదట ‘ఎ’ వస్తే ముందు చిన్న ‘య’ పలకడం తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చదువు రాకపోవడం కాదు.

మర్నాడు మేము ఇంగ్లిష్ పుస్తకం మూసి, బోర్డు మీద ‘వస్తున్నారు’ అని రాశాం. మీ ఇళ్లలో ఎలా అంటారని అడిగాం. నెల్లూరు వైపు మూలాలున్న పిల్లలు ‘వస్తా ఉండారు’ అన్నారు. తెలంగాణ నుంచి వచ్చిన అబ్బాయి ‘వస్తున్రు’ అన్నాడు. వీటిలో తప్పేదంటే ఎవరూ మాట్లాడలేదు. ఇక క్రికెట్ వ్యాఖ్యానం వినిపించాం. చెన్నై పిల్లలకు అంతకు మించిన పాఠం ఏముంటుంది! హైదరాబాద్‌లో పుట్టిన హర్షా భోగ్లే ఇంగ్లిష్ ఒక తీరు, ట్రినిడాడ్‌కు చెందిన ఇయాన్ బిషప్‌ది మరో తీరు. ఆస్ట్రేలియావాళ్ల ‘టుడే’ మన చెవికి ‘టుడై’లా వినిపిస్తుందని పిల్లలే పట్టుకున్నారు.

అలాగని ఉచ్చారణ నేర్పక్కర్లేదని మేము అనడం లేదు. మన ఇంగ్లిష్ ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి ఆర్.కె. బన్సల్ 1969లో ఒక పుస్తకం ప్రచురించారు. దాన్ని వెలువరించింది ఇప్పుడు ఇఫ్లూగా పిలుస్తున్న హైదరాబాద్ సంస్థ. మాటలో ఊనిక తప్పు చోట పడితే వినేవారు తికమకపడతారని ఆయన గమనించారు. ‘డెవలప్’లో మనం ‘డె’ మీద ఊనుతాం, ఊనాల్సింది రెండో అక్షరం మీద. మేము ముందు దిద్దేది ఇలాంటివే. పడమర అనే ‘వెస్ట్’కూ, బనియను అనే ‘వెస్ట్’కూ మన నోట తేడా ఉండదు గానీ, సందర్భమే చాలావరకు కాపాడుతుంది.

ఆ వారమే ‘బ్యాండికూట్’ అనే ఇంగ్లిష్ మాట చూపించాం. అది మన పందికొక్కే. ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని తమ యాసలో అలా మార్చుకున్నారు. ‘అప్పుడు వాళ్లను చూసి ఎవరూ నవ్వలేదా సార్?’ అని వెనక బెంచీ నుంచే ప్రశ్న వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంట్లో పిల్లలు ఇంగ్లిష్ చదువుతుంటే మధ్యలో ఆపి దిద్దకండి. వాక్యం పూర్తి కానివ్వండి. నిఘంటువులో ఊనిక ఉన్న అక్షరానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. రోజుకు రెండు మాటలకు ఆ గీత ఎక్కడుందో పిల్లలతోనే వెతికించండి.