ముందు వరసలో కూర్చున్నవారికి ఒక పని

విదేశాల్లో మన తెలుగు సంబరాల్లో ఆరోగ్యం అనగానే హాలు మూలన ఒక స్టాల్, బీపీ మెషిన్, షుగర్ టెస్టు గుర్తొస్తాయి. (పక్కనే జిలేబీల ట్రేలు ఉండటం వేరే సంగతి.) ఆ స్టాల్ ఉండాల్సిందే, గుండెజబ్బు, మధుమేహం దక్షిణాసియా వాళ్ళకు ఎక్కువ. కానీ అసలు వైద్యం నెల ముందే, ఎవరి బేస్‌మెంట్‌లోనో కోలాటం రిహార్సల్‌తో మొదలవుతుందని నా నమ్మకం.

తోడూ పలకరింపూ లేని బతుకు రోజుకు 15 సిగరెట్ల దాకా కాల్చినంత ప్రాణహాని అని 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి హెచ్చరించారు. ఇంగ్లండ్‌లో 50 దాటిన ఆరు వేల పైచిలుకు మందిని 14 ఏళ్ళు గమనించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్ని నెలలకోసారైనా నాటకానికో కచేరీకో వెళ్ళేవాళ్ళలో మరణించే ముప్పు, అసలు వెళ్ళనివాళ్ళకంటే 31 శాతం తక్కువ. ఓపికా డబ్బూ ఉన్నవాళ్ళే కదా వెళ్ళేది అంటారేమో, ఆ తేడాలు లెక్కలోకి తీసుకున్నాక తేలిన అంకె ఇది. అయినా కచేరీయే ఆయుష్షు పోసిందని దీన్నిబట్టి తేల్చలేం.

నాకు ఇంకా నచ్చింది బాల్టిమోర్ కథ. వృద్ధుల వైద్య నిపుణురాలు లిండా ఫ్రైడ్ తోడ్పాటుతో అక్కడ ‘ఎక్స్‌పీరియన్స్ కోర్’ నడిచింది. అరవై దాటినవారు వారానికి 15 గంటలు ప్రాథమిక బడుల్లో పిల్లల చేత చదివించేవారు. వ్యాయామం చేయమంటే కదలనివాళ్ళు కూడా పిల్లలకు మీ అవసరం ఉందంటే వస్తారన్నదే అందులోని కిటుకు. బడికి నడక, మెట్లు, కొత్త పేర్లు, కొత్త స్నేహాలు అన్నీ ఆ వంకతో జరిగిపోయాయి.

మరి మన ఇళ్ళలో? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్లో చాలామందికి కారు నడపడం రాదు. అందరూ ఆఫీసులకూ బడులకూ వెళ్ళాక సాయంత్రం దాకా టీవీయే దిక్కు. పండగనాడు తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడతాం, ముఖ్య అతిథి ప్రసంగం వినిపిస్తాం, రాత్రి పదింటికి భోజనం పెడతాం. శాలువా కప్పామంటే మరీ గొప్ప! వాళ్ళలో హార్మోనియం వాయించేవారున్నారు, పద్యం రాగయుక్తంగా పాడేవారున్నారు, వందమందికి పులిహోర కలపగలవారున్నారు. అడిగేవారే లేరు.

వచ్చే ఉగాదికి కమిటీలు వేసేటప్పుడు ప్రతి పనికీ ఒక పెద్దాయన్నో పెద్దావిడనో చేర్చండి. వాళ్ళను రిహార్సల్‌కు తీసుకొచ్చి దింపే బాధ్యత ఎవరిదో కూడా అదే కాగితం మీద రాయండి. కారు ఏర్పాటు లేకపోతే ఇదంతా మాటల్లోనే మిగిలిపోతుంది.